మోకు మీద చెయ్యి ఉండగా

తాటిచెట్టు ఎక్కే మనిషి సముద్రం అడుక్కి దిగడమేమిటని నవ్వకండి. గల్ఫ్ ఏ పని చూపిస్తే మనవాళ్లకు అదే కులవృత్తి. గొల్లపల్లి శ్రీశైలం ఫుజైరాలో డైవర్ల గాలి సిలిండర్లు మోయడంతో మొదలుపెట్టి, చెయ్యి తిరిగిన డైవర్లు తప్ప దిగకూడని రాతిగుట్ట దగ్గర వాళ్లకు తోడు దిగేదాకా ఎదిగాడు. అతని జోడీ కోరుట్ల నుంచి వచ్చిన జీషాన్. ఒక్క కంచంలో తిన్నవాళ్లు.

ఆ గుట్ట ఒడ్డుకు చాలా దూరంలో ఉంటుంది. నీళ్లలో దాని అడుగున మసక చీకటి. అంత లోతులో పీల్చే గాలే మత్తెక్కిస్తుంది, పరగడుపున కల్లు తాగినట్టు. నోటితో పిలవడం కుదరదు కాబట్టి ఆపదొస్తే కత్తి పిడితో సిలిండర్ మీద కొట్టాలి.

ఆ రోజు రాళ్లలో ఇరుక్కున్న లంగరు తాడు విడిపించడానికి ఇద్దరే దిగారు. శ్రీశైలం తాడు పట్టుకున్నాడు. వెనక ఠంగుమంది. మళ్లీ ఠంగుమంది. మత్తులో అతనికి అది సముద్రమని తోచలేదు. చెట్టు మీదున్నాననుకున్నాడు, చేతిలోది చెట్టెక్కే మోకు అనుకున్నాడు. నడుముకు మోకు కట్టిన మొదటిరోజే నాయన బుచ్చన్న చెప్పాడు, మోకు మీద చెయ్యి ఉండగా ఎవరు పిలిచినా తిరిగి చూడకు, చూస్తే పడ్డట్టే అని. శ్రీశైలం చూడలేదు. చప్పుడు ఆగాక చూశాడు. జీషాన్ నోట్లో గాలిగొట్టం లేదు.

జీషాన్ శవప్పెట్టెతో వచ్చినవాడు మళ్లీ గల్ఫ్ పోలేదు. తాటిచెట్లే ఎక్కుతున్నాడు. కానీ పైన మోకు బిగించగానే వెనక ఠంగుమంటుంది. పాపం, ప్రతిసారీ తిరిగి చూస్తాడు. మొన్న పట్టు జారి సగం చెట్టు గీరుకుంటూ కిందికొచ్చాడు. భార్య కల్పన తిట్టింది, ఏడ్చింది, చివరికి చెయ్యి పట్టుకుని కోరుట్ల బస్సెక్కించింది.

జీషాన్ తల్లి సర్వర్ బీ ముందు అంతా చెప్పేశాడు.

"చప్పుడైతె ఇప్పుడు తిరిగి చూస్తున్నవా?" అని అడిగింది.

"చూస్తున్నమ్మా. వాడు పిలుస్తుండు గదా."

"చూడకు బేటా. గది నా కొడుకే అయితె నిన్ను చెట్టు మీదికెల్లి పడగొట్టడు."

మర్నాడు చెట్టెక్కాడు. మోకు బిగించగానే ఠంగుమంది. చెంపను చెట్టుకు ఆనించి, మాఫ్ చెయ్యమని వెక్కి వెక్కి ఏడ్చాడు గానీ చూడలేదు. కాసేపటికి, ఆనాటిలాగే, చప్పుడు దానంతటదే ఆగిపోయింది. ఆ తల్లి మాట నిలబెట్టడానికి రెండోసారి కూడా దోస్తును ఒంటరిగా వదిలేశాడు.