తైవాన్ సీరియల్‌లో బాలింత

పాప నిద్రపోయింది. లేచేలోగా ఇది రాసేయాలి.

తైవాన్ సీరియళ్ళు నాకు ఎం.ఎస్. చదివే రోజుల్లో, ఆ దేశపు రూమ్‌మేట్ వల్ల అలవాటయ్యాయి. నన్ను పట్టేసింది వాటిలో ప్రేమకథలు కాదు, భోజనాలు. ఎంత పోట్లాడుకున్నా చివరికి అందరూ గుండ్రటి బల్ల చుట్టూ చేరతారు. ఎవరూ క్షమించమని అడగరు. ఎదుటివాళ్ళ గిన్నెలో ఒక చేప ముక్క వేస్తారు, అంతే.

పాప పుట్టినప్పుడు అమ్మ జెర్సీ సిటీకి వచ్చింది. నేను పాలిస్తూ సీరియల్ పెట్టుకుంటే పక్కన కూర్చుని, "ఏమంటోందే?" అని అడిగేది. కింద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేదాన్ని.

అప్పటికి పాప బరువు పెరగడం లేదు. శుక్రవారానికీ పెరగకపోతే డబ్బాపాలు మొదలుపెడదామంది డాక్టర్. అందులో తప్పేమీ లేదని తెలుసు. అయినా నా పాలు చాలవన్న మాట తలచుకుంటేనే గుండె దడ. నీళ్ళు బాగా తాగమని హాస్పిటల్‌లో చెప్పారు. అమ్మేమో బాలింతకి ఒళ్ళు నీరు పడుతుందని, కాచిన నీళ్ళు చిన్న గ్లాసుతో ఇచ్చేది. వెల్లుల్లి కారం, చెవుల్లో దూది ఎలాగో భరించాను. దాహం మాత్రం భరించలేకపోయాను.

ఒక మధ్యాహ్నం సీరియల్‌లో కోడలు ప్రసవించింది. మంచం మీద టోపీ పెట్టుకుని కూర్చుని గ్లాసు అందుకుంటుంటే అత్తగారు వచ్చి గట్టిగా ఏదో అంది.

"ఏమంటోందే?"

"నీళ్ళు బాగా తాగమ్మా, పాలు పడతాయి అంటోంది."

"మరి గ్లాసు లాక్కుంటోందేం?"

నేను రిమోట్ కోసం వెతికాను.

"ఇంత చదివి తల్లి చెవిలో పువ్వు పెడతావా? నిజం చెప్పు."

చెప్పాను. చన్నీళ్ళు తాగకూడదు, తలస్నానం చేయకూడదు, గాలి తగలకూడదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశావా! ఎక్కడున్నా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే."

నాకే వింతగా ఉంది. ఎవరు ఎవరికి నేర్పారో!

ఇంతలో అత్తగారు పొగలు కక్కే పెద్ద గిన్నె తెచ్చింది.

"ఆపు ఆపు. అందులో ఏముంది?"

వెనక్కి తిప్పి వంట చూపించాను. కోడి, అల్లం, నువ్వుల నూనె, బియ్యపు సారా.

"సారానా! రామ రామ, అదొక్కటీ మనకొద్దు." అమ్మ కాసేపు ఆ గిన్నెనే చూసింది. "మొత్తం తాగించేసిందే?"

"రోజంతా ఇదే తాగిస్తారట, నీళ్ళ బదులు."

"అంటే చన్నీళ్ళే వద్దన్నమాట. నోరెండగట్టమని కాదు." ఆ మాట నాతో కాదు, టీవీలో ఆవిడతో అన్నట్టు అంది.

సాయంత్రానికి మా స్టవ్ మీద అల్లం, మిరియాలు, నువ్వుల నూనెతో కోడి సూప్ మరిగింది. గొంతు మండింది. అయినా ఇంకో గిన్నె అడిగాను. అడిగినప్పుడల్లా పోసింది.

శుక్రవారం నర్సు పాపని తూకం మీద పెడితే నేను కళ్ళు మూసుకున్నాను. "ఇదెంతే, కిలోల్లో చెప్పు" అంటూ అమ్మ నా మోచెయ్యి గిల్లింది. పెరిగింది. డబ్బాపాలు ఇప్పుడే వద్దు, ఇంకో వారం చూద్దామంది డాక్టర్. కొత్తగా ఏం చేశారని అడిగితే, నేను నోరు తెరిచేలోగా అమ్మ "తైవాన్ సూప్" అంది.

సూప్ వల్లో, కడుపు నిండా తాగడం వల్లో, నా దడ కాస్త తగ్గడం వల్లో నాకిప్పటికీ తెలియదు.

కార్‌లో పాపకి బెల్టు పెడుతుంటే అమ్మ అంది: "ఇంటికెళ్ళగానే సీరియల్ పెట్టవే. ఆ పిల్లకి పాలు పడ్డాయో లేదో."