నిద్రగన్నేరు పెట్టిన పళ్ళెం

మా అక్క యూనివర్సిటీలో పర్యావరణ పాఠాలు చెబుతుంది. ఊరి మురుగు దగ్గర మొదలుపెట్టి సముద్రాలు వేడెక్కడం దాకా వెళుతుంది. అన్నం తింటూ కూడా అదే గోల. ఇంట్లో మాకు తప్పదు. క్లాసులో పిల్లలు మాత్రం హాయిగా నిద్రపోతారు. ఒకడికైతే నిద్రగన్నేరు అని పేరే పడింది.

ఈ ఏడు పెద్దసారు, అంటే వాళ్ళ శాఖాధిపతి, తేల్చి చెప్పేశాడు. "ఓ రోజు నేనే వచ్చి చూస్తానమ్మా. పిల్లలకి ఆసక్తి లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఈ కోర్సు తీసేద్దాం." ఆ మాట విన్నాక అక్కకి ముద్ద దిగలేదు. ఆ పాఠమంటే దానికి ప్రాణం.

మర్నాడు మా వంటింట్లోని తెల్ల పింగాణీ పళ్ళేలన్నీ ఊడ్చుకుపోయింది. నేను లబోదిబోమన్నా వినలేదు. వాటికి వాజిలిన్ పూసి పిల్లలకి పంచింది. "మీరు ఎక్కువసేపు ఉండేచోట కిటికీ గట్టు మీద వారం పాటు పెట్టండి. గాలిలో ఏముందో అదే చూపిస్తుంది" అని చెప్పింది.

వారం తర్వాత నా పళ్ళేలు భద్రంగా తెచ్చుకుందామని నేనూ వెంట వెళ్ళాను. అన్నీ బల్ల మీద పేర్చారు. కొన్ని లేత బూడిదరంగులో ఉన్నాయి. బస్సు డిపో పక్కవి కాస్త ముదురు. ఒకటి మాత్రం పెనం అడుగులా నల్లగా ఉంది.

"ఇదెవరిది?" అంది అక్క.

నిద్రగన్నేరు లేచాడు. "నాదే మేడమ్."

"మీ ఇల్లెక్కడ?"

"ఇంట్లో పెట్టలేదు మేడమ్. ఎక్కువసేపు ఉండేచోట అన్నారుగా. ఇక్కడే, ఈ కిటికీలో పెట్టా."

క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. రోజూ అందరూ పీల్చేది ఆ గాలే మరి!

"ఇలాంటి మసే గాలికి కొట్టుకుపోయి మంచుకొండల మీద పడుతుంది. మంచు నల్లబడితే ఎండకి ఇంకా తొందరగా కరుగుతుంది" అంది అక్క. ఒక్కడంటే ఒక్కడు ఆవలించలేదు. అక్కకి ఆనందం పట్టలేదు. "వీళ్ళని చూస్తుండవే, పెద్దసార్ని పిలుచుకొస్తా" అని పరుగు తీసింది.

అక్క గడప దాటిందో లేదో, "ఇంతకీ ఈ మసి ఎక్కణ్ణుంచి వస్తోందిరా?" అన్నారెవరో. అంతే, అందరూ బిలబిలమంటూ బయటికి పరుగు! "ఆగండర్రా!" అని నేను అరిచింది నాకే వినబడింది.

పెద్దసారు వచ్చేసరికి గదిలో నేనూ పళ్ళేలూ మిగిలాం. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇదేనా అమ్మా ఆసక్తి?" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారండీ!" అన్నాను.

ఇంతలో కిటికీ కింద కేకలు. తొంగిచూస్తే క్యాంటీన్ పొగగొట్టం చుట్టూ క్లాసు క్లాసంతా ఉంది! వంటాయన గరిట ఊపుతూ అరుస్తున్నాడు. "మీ కిటికీకే కదయ్యా ఇబ్బంది? గొట్టం ఇంకాస్త పైకి పెట్టిస్తాలే, పోండి!"

"మా కిటికీ దాటితే సరిపోతుందా బాబాయ్? అక్కణ్ణుంచి మంచుకొండల దాకా పోతుంది! పొయ్యే మార్చాలి!" ఆ అరుస్తున్నది నిద్రగన్నేరు. వాడు తలెత్తి అక్కని చూశాడు. "మేడమ్, పెద్దసార్ని పట్టుకురండి, ఇప్పుడే తేల్చేద్దాం!"

పెద్దసారు చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు. "ఈ కోర్సు తీసేస్తే వీళ్ళు నన్ను బతకనిస్తారా?" అంటూ మెట్లవైపు నడిచాడు.

అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. కింద నుంచి పిలుపులు ఆగలేదు. "మేడమ్, మీరూ రండి! తొందరగా రండి!"