మగ్గం ఆపించిన సినిమా

పోయిన గురువారం పొద్దున టీ తాగి మగ్గం గుంతలోకి దిగానో లేదో, వీధి చివరి నుంచి మగ్గాల చప్పుడు ఒక్కో ఇల్లే తగ్గుకుంటూ వచ్చింది. ధర్మవరంలో పుట్టినదాన్ని, దాని అర్థం నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా వీధిలో ఎవరైనా పోతే ఆ మనిషిని వీధి దాటించేదాకా ఎవరూ నేయరు. నేనూ పోగు నడిపే నాడె పక్కన పెట్టి బయటికి వచ్చాను. ఎదురింటి గడపలో ఓబులేసు మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. “సారు పోయినాడమ్మా. నిద్దరలోనే,” అన్నాడు.

మా వీధిలో సారు అంటే ఒక్కరే. హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పినాయన. ఊరు విడపనకల్లు పక్కన ఏదో పల్లె. ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక కూడా మా వీధి వదల్లేదు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టినా నన్ను “ఏం పాపా” అనే పిలిచేవారు. వాన చుక్క రాలని ఊళ్ళో ఏడాది పొడుగునా గొడుగు పట్టుకుని తిరిగేవారు. ఎందుకు సార్ అంటే, వానకు తెలియద్దూ నేను రెడీగా ఉన్నానని, అనేవారు.

ఆ రోజు ఏడ్చాం. ఏడవకుండా ఎలా ఉంటాం? కానీ సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళం నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాం. ఎవరో ఆ సినిమా మాట ఎత్తారు మరి.

అదేమిటో చెప్తాను. సారు రిటైరయ్యాక మా వీధి షాదీఖానాలో ఆదివారం పొద్దున పెళ్ళిళ్ళు లేనప్పుడు సినిమాలు వేసేవారు. ఆ హాలు చూసుకునేది నానీమా. వీధిలో అందరికీ ఆమె నానీమానే. గోడకు తెల్ల దుప్పటి కట్టి, కిటికీలకు పాత జంపఖానాలు వేలాడదీసి, పక్కన కుర్చీ వేసుకుని, సారు కథను తెలుగులో చెప్పేవారు. లోపలికి చక్కిలాలు, నిప్పట్లు తేవడానికి లేదు, కరకరమంటాయని. ఉడకేసిన శెనక్కాయలు మాత్రం తినొచ్చు. అవి కూడా ఆయనే ఉడకేసి స్టీలు క్యాన్లో తెచ్చేవారు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

ఆ సినిమాల్లో ఒకటంటే ఆయనకు ప్రాణం. బ్రిటన్‌లో ఎప్పుడో తీసిన నలుపు తెలుపు దయ్యం సినిమా. బళ్ళారిలో చదువుకునేటప్పుడు ఒక మార్నింగ్ షోలో చూశారట. సగం హాలు మధ్యలోనే లేచిపోయిందట. వాళ్ళ దేశంలోనే పత్రికలు సగం తిట్టాయి, సగం మెచ్చుకున్నాయి అని ఏదో పెళ్ళి సంబంధం కబురు చెప్పినంత సంబరంగా చెప్పేవారు. “అందరికీ నచ్చితే అది సినిమా కాదప్పా, పాయసం,” అనేది ఆయన మాట.

కథ చిన్నదే. మొగుడు పోయిన ఒకామె పెద్ద బంగళాలో ఒంటరిగా ఉంటుంది. మేడ మీది గదిలో ఊగే కుర్చీ కిర్రు కిర్రుమంటూ ఉంటుంది. పైకి వెళ్తే ఎవరూ ఉండరు. కిందికి వస్తే మళ్ళీ చప్పుడు. దయ్యం ఒక్కసారి కూడా కనపడదు. ఉందో లేదో, ఆమె మనసే అలా చేస్తోందో చివరిదాకా తేలదు. ఒకచోట ఆ కుర్చీ టక్కున ఆగిపోతుంది. ఆ చోటు గురించి చెప్పేటప్పుడు సారు కళ్ళు పెద్దవయ్యేవి. “ఆడ మన హాల్లో ఒక్కరన్నా ఊపిరి బిగబట్టాల పాపా. అది చూసినానంటే నాకింక చాలు,” అన్నారు నాతో.

మొదటిసారి వేసినప్పుడు ఊపిరి కాదు గదా, నవ్వు కూడా ఎవరూ బిగబట్టలేదు. పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడులో పడి ఉన్నవాళ్ళం. కుర్చీ కిర్రుమంటే మాకేం భయం? ఇంట్లో చప్పుడుందంటే మనిషి ఉన్నట్టు, పని జరుగుతున్నట్టు. నానీమా అయితే పైకే అనేసింది. “పైన ఎవరో పెద్దామె కూర్చోని ఊగుతాండాది. తోడుంటే మంచిదే గదా, దీంట్లో భయమేముందప్పా?” హాలంతా గొల్లుమంది. దానికి తోడు హాలును ఆనుకున్న ఇల్లే ఓబులేసు మామది, గోడ అవతల ఆయన మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. ఆయన సినిమాలకు వచ్చే రకం కాదు. తెల్లోళ్ళ దయ్యాలు మనకెందుకని ఆయన వాదన. ఆ కుర్చీ ఆగిందన్న సంగతి కూడా మాకు తెలియలేదు, సారు దాని మీద అరిచి మరీ వ్యాఖ్యానం చెప్తున్నారు గనుక.

ఆ పూట సారు క్యాను ఖాళీ అవకుండానే మూత పెట్టుకుని వెళ్ళిపోయారు. నాకు మనసు ఊరుకోలేదు. వాళ్ళింటికెళ్ళి, ఇంకోసారి వేయండి సార్, ఆ కుర్చీ దగ్గర మాత్రం మీరు నోరు మూసుకోవాలి అన్నాను. గురువును పట్టుకుని అలా అనొచ్చా అంటే అనకూడదు. ఆయన మాత్రం పకపకా నవ్వి సరేనన్నారు.

రెండోసారి నానీమా ముందు వరసలోనే కూర్చుంది, మళ్ళీ నవ్వడానికి సిద్ధంగా. ఈసారి సారు కథ కొంచెమే చెప్పారు. కుర్చీ ఊగడం మొదలయ్యాక అసలు నోరు విప్పలేదు. ఆయన గొంతు లేకపోయేసరికి హాలు మెల్లగా సద్దుమణిగింది. శెనక్కాయల తొక్కు తీసే చేతులు కూడా ఆగాయి. తెర మీద ఆమె మెట్ల దగ్గర తల పైకెత్తి నిలబడింది. కుర్చీ ఆగింది. అంతలోనే గోడ అవతల ఓబులేసు మామ మగ్గం కూడా ఆగిపోయింది.

అంతే, అందరి చూపూ తెర మీది నుంచి గోడ మీదికి మళ్ళింది. పని వేళలో మగ్గం ఉన్నట్టుండి ఆగిందంటే మా వీధిలో దానికి ఒక్కటే అర్థం. “ఓబులేసుకు ఏమయిందో చూడండ్రా,” అని మొదట లేచింది నానీమానే. అందరం చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాం. చూస్తే ఓబులేసు మామ మా హాలు తలుపు దగ్గరికే పరిగెత్తుకొస్తున్నాడు. ఒకరినొకరు చూసుకుని అక్కడే ఆగిపోయాం.

“ఏమైంది మామా?” అన్నాను.

“మీకేమైంది? ఎప్పుడూ నగుతాంటారు గదా, ఉన్నట్టుండి ఒక్కరి గొంతూ ఇనపడల్యా. ఎవరన్నా పోయినారేమో అని మగ్గం ఆపి వచ్చినా,” అన్నాడు.

మేం నిశ్శబ్దంగా ఉన్నామని ఆయన భయపడ్డాడు. ఆయన మగ్గం ఆగిందని మేం భయపడ్డాం. తెర మీద ఆమె పాపం ఒక్కతే మిగిలిపోయింది. సారు గడప మీద చతికిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఓబులేసు మామ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఒడి నిండా శెనక్కాయలు పోశారు.

ఆ రోజు నుంచి వీధి రెండుగా చీలింది. అంత గొప్ప సినిమా పుట్టలేదని మేం. సినిమాలో ఏమీ లేదు, భయపెట్టింది ఓబులేసు మగ్గమే అని నానీమా వర్గం. టీ కొట్టు దగ్గర, నీళ్ళ ట్యాంకరు దగ్గర, చివరికి పెళ్ళి పందిట్లో కూడా ఇదే గొడవ. సారు ఏ వైపూ చేరలేదు. తిట్టేవాళ్ళ దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవారు. వాళ్ళు కూడా చివరిదాకా చూసినారు గదప్పా అని ఆయన లెక్క.

మొన్న ఆదివారం ఆ సినిమానే వేశాం. ఏది వేయాలని ఎవరూ అడగలేదు. శెనక్కాయలు నేను ఉడకేశాను, ఉప్పు కావాలనే ఎక్కువ వేశాను. క్యానును సారు కుర్చీ మీదే పెట్టాం, పక్కన ఆయన గొడుగు. ఓబులేసు మామను లోపలికి రమ్మంటే, నాకు మగ్గం మీద పనుందని తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నానీమా నా పక్కన కూర్చుంది. తెర మీద ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది. పైన కుర్చీ కిర్రు కిర్రుమంటోంది, గోడ అవతల మగ్గం టకటకలాడుతోంది. కథ చెప్పేవాళ్ళు లేరు. కుర్చీ ఆగింది. మగ్గమూ ఆగింది.

ఈసారి ఎవరూ లేవలేదు. నానీమా చెయ్యి వచ్చి నా చేతిని గట్టిగా పట్టుకుంది. హాల్లో ఊపిరి తీసిన చప్పుడు కూడా లేదు. అంతమందిమీ తెర వదిలేసి, గొడుగు పక్కనున్న ఆ క్యాను వైపే చూస్తున్నాం. కాసేపటికి గోడ అవతల మగ్గం మళ్ళీ కదిలింది.

“దీంట్లో భయమేముందప్పా?” అంది నానీమా, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. సగం హాలు ఉష్ అంది, సగం హాలు గొల్లుమంది.