రెండో సీసా

అతను ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నాడు. డిపోలో అందరూ అతన్ని హారన్ అంటారు. సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగలేడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది.

నాలుగు నెలల క్రితం మూత్రం పాలలా తెల్లగా వచ్చింది. ఒంట్లో సత్తువ కారిపోతోందనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పోయిన సత్తువ తిరిగి రావాలని పొద్దున వెన్న తిన్నాడు, మధ్యాహ్నం వెన్న తిన్నాడు. తిన్నకొద్దీ తెలుపు చిక్కబడింది. మనిషి సగమయ్యాడు. బెల్టుకు మేకుతో మూడు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు.

“ఇంత తింటున్నారు, ఇలా ఎండిపోతున్నారేంటి?” అంది భార్య.

“స్టీరింగు తినేస్తోంది.”

“అయితే రేపట్నుంచి దానికే వడ్డిస్తా.”

ఏటా జరిగే వైద్యపరీక్ష వచ్చింది. అందులో తప్పితే బస్సు ముట్టనివ్వరు. ముందురోజు మధ్యాహ్నం నుంచి భయంతో ముద్ద దిగలేదు. పొద్దున సీసాలో పట్టింది నీళ్లలా తేటగా ఉంది. ల్యాబ్ అతను చీటీ మీద ముద్ర వేశాడు.

“అంతా బాగుందన్నా. వెళ్లొచ్చు.”

మెట్లు దిగుతుంటే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకున్నాడు. ఇంకో గంటలో యాభై మందిని ఎక్కించుకోవాలి. కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

“ఇది పస్తు ఉన్న ఒంటి సంగతి డాక్టరుగారూ. తిని వస్తాను. ఇంకో సీసా ఇప్పించండి.”

డాక్టరమ్మ ఎగాదిగా చూసి ఇప్పించింది.

మధ్యాహ్నం రెండో సీసా తెల్లగా నిండింది. ఆమె దాన్ని వెలుతురులో చూసి, కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసింది. చుట్టూ సన్నని గీతలు.

“ఇవి రక్తనాళాలు కావు, శోషరస నాళాలు. కండల మధ్య మిగిలిన నీటిని మళ్లీ రక్తంలో కలుపుతాయి. పేగుల నుంచి కొవ్వును మోసేవీ ఇవే. ఎప్పుడో దోమకాటుతో చేరిన పురుగు దారి మూసేసి ఉంటుంది. నాళాలు ఉబ్బి కిడ్నీలోకి చిట్లాయి. తిన్న కొవ్వు మూత్రంలో పోతోంది. ఏం తింటున్నారు?”

“వెన్న.”

“ఎంత?”

చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టింది. “అగ్నికి ఆజ్యం పోశారు.”

“తగ్గుతుందా?”

“చాలామందికి తగ్గుతుంది. మందులు, కొవ్వు లేని తిండి. తగ్గకపోతే కిడ్నీలోకి మందు ఎక్కించి ఆ చిల్లులు మూస్తాం. ఆరు వారాలు బస్సు తోలొద్దు.”

“ఎక్కొచ్చా?”

“వెనక సీట్లో.”

ఆమె పొద్దుటి చీటీ మీద అడ్డంగా గీత కొట్టింది.

వరండాలోకి వచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

“పరీక్షలో తప్పాను.”

“ఎన్నాళ్లుగా దాస్తున్నారు?”

“నాలుగు నెలలు.”

“మొదట్నుంచి చెప్పండి.”

ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.