లోతు తాడు మీద తెల్లగుడ్డ

సూరన్న మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉండేది. కలకత్తాకి దిగువన బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో పిల్లలు అతని పేరు చెబితే పరిగెత్తేవాళ్లు. కానీ ఆదివారం పొద్దున్నే వాళ్లే వెళ్లి అతని తలుపు కొట్టేవాళ్లు. హుగ్లీ నది మధ్యలో, పాటుకి నీళ్లు తీసినప్పుడు తేలే మట్టి తిప్పలకు పిల్లల్ని తీసుకెళ్లేది అతనొక్కడే మరి.

శ్రీకాకుళం నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చాడు. ఒక కాంట్రాక్టరు లాంచీలో నది లోతు కొలిచే పని. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి విసిరి, తాడు మీది గుర్తు చూసి, లోతెంతో కేకవెయ్యాలి. చీకట్లో కూడా చేతికి తెలిసేలా ఒక్కో గుర్తు ఒక్కో రకం: రెండు తోలు ముక్కలు, మూడు తోలు ముక్కలు, తెల్లగుడ్డ, ఎర్ర ఉన్ని. పని మానేశాక ఆ తాడు ఇంటికి తెచ్చుకుని, గుర్తులన్నీ విప్పి, రెండేసి బారలకు ఒకటి చొప్పున మళ్లీ కట్టాడు. తిప్ప మీద దిగిన ప్రతి పిల్లకీ ఒక గుర్తు. దాన్ని పట్టుకునే నడవాలి, పట్టుకునే కూర్చోవాలి. గుర్తు దగ్గర పిల్ల లేకపోతే సూరన్న అరుపు అవతలి గట్టుకి వినిపించేది.

రెండువేల నాలుగులో ఒక బంద్ రోజున సోమశేఖర్ కూడా వాళ్లతో పడవెక్కాడు. అతను కలకత్తా సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగి, ఫిజిక్స్ చదివినవాడు, లైన్లో కూర్మయ్యకు అల్లుడు. కూతురు ఇందుజను తీసుకుని అత్తగారింటికి వచ్చి, రైళ్లు లేక చిక్కుకుపోయాడు. ఇందుజకు ఆరేళ్లు. పడవలో కూర్మయ్య మనవలిద్దరూ, పక్కింటి జగ్గి కూడా ఉన్నారు. జగ్గికి తొమ్మిదేళ్లు, నోరు పెద్దది.

తిప్ప మీద దిగగానే పిల్లలు తాడు పట్టుకుని బురదలో కూర్చున్నారు. బురద మీద రెక్కలతో పాకే చేపలు బుగ్గలు పూరించి వాళ్లవైపు చూశాయి. ఒక డెక్క పెద్దదైన ఎర్ర పీతలు వందలకొద్దీ బయటికొచ్చి, ఎవరో దగ్గగానే ఒక్కసారి మాయమయ్యాయి. కొంచెం అవతల నీరుకుక్క అడుగులు కనిపించాయి, వెనకాల తోక ఈడ్చిన గీత.

"ఎటెల్లిందో సూడండి. నోరు ముయ్యండి, కళ్లు తెరవండి" అన్నాడు సూరన్న.

ఇందుజ తాడు చివర తెల్లగుడ్డ పట్టుకుని మెడ సాచింది. గీత తిప్పను చీల్చే చిన్న కాలువలోకి దిగి, అవతల ఎక్కింది. కాలువ ఎండి ఉంది.

"వెళ్లి చూసిరా తల్లీ" అన్నాడు సోమశేఖర్, ఆమె వేళ్లు తాడు మీంచి తీస్తూ.

"తాడొగ్గీకండి, అల్లుడుబాబూ" అన్నాడు సూరన్న.

"గేదెల్ని కట్టినట్టు కడితే పిల్లలేం నేర్చుకుంటారండీ? పోటు రెండుంపావుకి గానీ మొదలవదు. ఇప్పుడు ఒకటిన్నరే." జేబులోంచి పోటుపాట్ల టైములు అచ్చేసిన పేపరు ముక్క తీసి చూపించాడు.

సూరన్న చదవలేడు. కానీ ఆ ముక్కలో ఏముందో అతనికి తెలుసు. "అది కలకత్తా ఘాటు టయిము. సముద్రం ఎటున్నాది? కిందన. నీరు ఎటునుంచొస్తాది? మనల్ని దాటకుండా కలకత్తాకి ఎగిరెల్తాదేటి?"

సోమశేఖర్ ముఖం మారింది. తప్పు వెంటనే అర్థమైంది. ఒప్పుకోవడానికే మనసు రాలేదు. "మాట మర్యాదగా రానివ్వండి" అన్నాడు.

"మరియాదా?" ఆ మాటకి సూరన్నలో ఏదో తెగింది. పదిహేడేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఈ పరాయివాడి ముందు కక్కేశాడు. ఎనభై ఏడులో ఇలాంటి తిప్ప మీదే గుర్తు కర్రలు పాతడానికి పదకొండు మంది దిగారు. ఎక్కేటప్పుడు లెక్కపెట్టిన సర్వే బాబు తనని తాను రెండుసార్లు లెక్కేసుకున్నాడు. లెక్క పదకొండుకి సరిపోయింది, సూరన్నని తిప్ప మీదే వదిలి లాంచీ వెళ్లిపోయింది. పోటులో ఆరు గంటలు కర్రని కావలించుకుని సూరన్న బతికాడు. మర్నాడు లాంచీ పుస్తకంలో అందరూ క్షేమంగా ఎక్కినట్టు రాసి ఉంది. యూనియన్ ఆఫీసుకి వెళితే ఎర్రజెండా కింద కూర్చున్న లీడరు దాదా టీ ఇప్పించాడు. లాంచీ యజమాని మన పార్టీవాడే, వదిలెయ్యి అన్నాడు.

"ఆ సర్వే బాబూ సదువుకున్నోడే. ఆడి సేతిలోనూ కాయితమే" అన్నాడు సూరన్న. "నాను మనిసినని రాయడానికి ఆ పుస్తకంలో ఒక్క గీతకి సోటు లేకపోయింది."

"దానికి నేనేం చేశానండీ? మీ కోపం నా మీద చూపిస్తారేం?"

"మీ మీద కాకపోతే ఎవురి మీద? పీతల మీదా?"

"తాతా" అంది జగ్గి. ఎవరూ వినలేదు. జగ్గి లేచి, ఎప్పుడూ అతను తమమీద వేసే కేకే అతనిమీద వేసింది. "నోరు ముయ్యి, కళ్లు తెరు. తెల్లగుడ్డ కాడ మనిసి లేదు."

సూరన్న తిరిగి చూశాడు. తెల్లగుడ్డ బురదలో పడి ఉంది. ఎండిన కాలువలో గోధుమరంగు నీళ్లు చప్పుడు లేకుండా ఎగువకు నడుస్తున్నాయి. అవతల గడ్డి మెరకలో ఇందుజ నీరుకుక్క బొరియ ముందు గొంతుక్కూర్చుని ఉంది.

సోమశేఖర్ నీళ్లలోకి ఉరకబోయాడు. సూరన్న అతని చొక్కా పట్టి వెనక్కి లాగి, నడుముకి తాడు కట్టాడు. "ఇప్పుడెల్లు. కింద బురద లాగుతాది, ఆగీకు." అతన్ని 'నువ్వు' అన్నట్టు ఇద్దరూ గమనించలేదు. పిల్లలు ముగ్గురూ చెప్పకుండానే ఎవరి గుర్తు వాళ్లు పట్టుకుని, మడమలు బురదలో తన్ని వెనక్కి వాలారు. వాళ్ల ముందు సూరన్న.

వెళ్లేటప్పుడు నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. కూతుర్ని భుజాన వేసుకుని తిరిగొచ్చేటప్పుడు నడుముకి వచ్చాయి. ఒకసారి కాలు జారింది. తాడు పిల్లల అరచేతుల్ని కోసింది, కానీ ఎవరూ వదల్లేదు.

పడవ కదిలాక ఇందుజ తండ్రి భుజం తట్టింది. "నాన్నా, బొరియ లోపల రెండు పిల్లలున్నాయి. కళ్లు ఇంకా తెరవలేదు."

ఘాటు దగ్గర సోమశేఖర్ తడి బట్టలతో నిలబడ్డాడు. "టైము విషయంలో తప్పు నాదే" అన్నాడు. "కానీ మీరు నాతో తగువేసుకుంటూ లెక్క మరిచిపోయారు. మా పిల్లని ఇక పంపను."

సూరన్న తడి తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి, పెట్టిన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సర్వే బాబుని తిట్టుకోవాలని చూశాడు. పదిహేడేళ్లు ఆ మనిషి అన్ని తిట్లకీ సరిపోయాడు. ఇప్పుడు ఏ తిట్టు మొదలుపెట్టినా చివరికి తనదగ్గరికే వస్తోంది. ఆ బాబు ఒకరిని ఎక్కువ లెక్కపెట్టాడు. తను అసలు లెక్కే పెట్టలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్న జగ్గి ఘాటుకి వచ్చేసరికి తాడుకి కొత్త గుర్తు కట్టి ఉంది, బొక్క వేసిన తోలు ముక్క.

"ఇదెవురికి, తాతా?"

"నాకు. ఇకమీద లెక్క నీది. నాను ఎవుర్నైనా తిడతన్నప్పుడు మరీ బేగి లెక్కెట్టు."

జగ్గి ఆ పెత్తనం వెంటనే అందుకుంది. గట్టు మీద నిలబడి పేరుపేరునా పిలిచింది. కూర్మయ్య మనవలిద్దరూ పలికారు.

"సూరన్న తాత."

"ఉన్నాను."

"ఇనపడలేదు."

"ఉన్నానే, గుంటా" అని కసిరాడు.

జగ్గి తాడు చివరికి వెళ్లింది. ఇందుజ పట్టుకున్న తెల్లగుడ్డను సూరన్న ఉతికి కట్టాడు. దాన్ని ఇంకే పిల్లకీ ఇవ్వలేదు. మిల్లు లైన్లవైపు నుంచి ఎవరూ రావడం లేదు. పాటు తీస్తోంది, ఇంక ఆగితే కుదరదు.

"తెల్లగుడ్డ కాళీ" అంది జగ్గి.

సూరన్న తెడ్డు పడవలో గట్టిగా పడేశాడు. "కాళీ అనీకు. ఇంకా రాలేదు అను."