ఆమె తీసేసిన హెడర్ ఫైళ్లు

నిజామాబాద్‌లో ఇంటి నుంచే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లో అక్కర్లేని హెడర్ ఫైళ్లను, అంటే వేరే ఫైళ్లు తమలో కలుపుకునే కోడ్ ముక్కలను, తీసేసే పని చేసేదాన్ని. ఒక ఫైలు వెంట మరో పది వచ్చిపడి, కోడ్ అంతా యంత్రభాషలోకి కంపైల్ కావడానికి గంట పట్టేది. రుద్రూర్‌లోని ఒక చెరకు రైతు కూతురికి ఈ పని నేర్పింది నేనే. కోడ్‌ను సరిచూసేవాళ్లు నా మార్పులను రెండుసార్లు తిప్పి పంపారు, ఆమెవి మొదటిసారే తీసుకున్నారు. కడుపు మండింది. వాటిలో తప్పు కోసం మూడు రోజులు వెతికాను. ఆమె మార్పు వల్ల పాత ప్రాసెసర్ మీద ఒక ఫైలు కంపైల్ కావడం లేదు. ఆ సంగతి సంతోషంగా అందరూ చూసేచోటే రాశాను.

వెంటనే ఆమె ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు సూసినవ్ గాబట్టి బతికిపోయిన. లేకుంటే ఇజ్జత్ పోతుండె."

"ఊకెనే సూస్తుంటే కనవడ్డది" అన్నాను.

సాయంత్రానికల్లా సరిచేసి, తప్పు చూపినందుకు ఆ మార్పు కింద నా పేరు కూడా రాసింది. సిగ్గేసింది. అయినా నా కళ్లు ఆ మార్పు చేసినవారిగా పైనున్న ఆమె పేరు మీదే ఉన్నాయి.