నొప్పి అనకు, పొంగు అను

మొన్న నిజామాబాద్‌లో ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంటే, కాన్పుల గదిలోంచి ఒక చిన్న వయసు నర్సు బయటికి వచ్చి నన్ను వెతుక్కుంది. "అమ్మా, మీ బిడ్డ పొంగు, పొంగు అంటున్నది. ఇంట్ల పొయ్యి మీద పాలు పెట్టి మరిచి వచ్చిండ్రా ఏంది?" అని అడిగింది. అంతకు ముందే, నొప్పి తెలియకుండా సూది ఇస్తామని డాక్టరమ్మ అంటే మా అమ్మాయి వద్దంది. తీసుకున్నా తప్పేం లేదని నేనూ చెప్పాను. "నువ్వు తీసుకోలే కదా" అంది. నర్సు మాటకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఆ పొంగు పాలది కాదు, చెరుకు రసానిది. రుద్రూర్ పక్కన మా అత్తగారింట్లో చెరుకు తోటతో పాటు బెల్లం వండే కొట్టం ఉండేది. మగవాళ్ళు గానుగ దగ్గర, పొయ్యి దగ్గర ఎంత హడావుడి చేసినా కడాయి మాత్రం మా అత్తమ్మ అదుపులోనే ఉండేది. రసం మరిగి నురగ అంచు దాకా లేస్తే కొత్తవాళ్ళు కేకలు పెట్టి వెనక్కి గెంతేవాళ్ళు. ఆమె నింపాదిగా నాలుగు చుక్కల ఆముదం చిలకరించేది. అంత పొంగూ అలిగిన పిల్లలా కిందికి దిగి కూర్చునేది. ఆమె బొడ్డున ఎప్పుడూ ఒక చిన్న ఆముదం సీసా చెక్కుకుని ఉండేది. పెళ్ళిళ్ళకు కూడా అలాగే వచ్చేది. మా ఆయనకు అది పెద్ద నామోషీ.

ఇక నా సంగతి. కాలిలో ముల్లు తీస్తే వాడంతా తెలిసేలా ఏడ్చే మనిషిని. నేను కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో అందరికీ నా కాన్పే వేళాకోళం. నాకు మాత్రం అన్నం సహించనంత భయం. చెరుకు నరుకుతున్న రోజుల్లో, పొద్దున్నే నొప్పులు మొదలైతే జీపులో బోధన్ ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ చూసి, అంతా బాగానే ఉందని, కానీ ఇలా బిగుసుకుపోయి అలిసిపోతే చివర్లో బలం చాలక నిజామాబాద్‌కు పంపి ఆపరేషన్ చేయించాల్సి రావచ్చని చెప్పింది. నొప్పి తగ్గించే సూది ఉంటుందని అప్పట్లో మాకు తెలియనే తెలియదు. మంచం పట్టె పట్టుకుని "నాతోని గాదు, నేను ఇంటికి పోత" అని ఏడ్చాను, ఇంటికి పోతే కడుపూ నాతోనే వస్తుందన్న సోయి లేకుండా.

అత్తమ్మ నా వెనక కూర్చుంది. "నొప్పి అనకు బిడ్డా, పొంగు అను. పొంగొస్తే కడాయి ఇడిసిపెట్టి ఉరుకుతమా? మీదికొస్తది, దిగుతది. దిగేదాక ఊపిరి ఇడుసుకుంట ఉండు, గంతే" అంటూ ఆముదం అరచేతిలో పోసుకుని నా నడుము మీద గట్టిగా అదిమింది. మొదటి పొంగుకు ఆమెనే తిట్టాను. తర్వాతిదానికి ఊపిరి వదిలాను. పట్టె మీద పిడికిలి కాస్త వదులైంది. నొప్పి తగ్గిందని అబద్ధం చెప్పను, చంపేసింది. కానీ దిగిపోతుందని తెలిశాక, లేచేటప్పుడు అంత భయం వెయ్యలేదు. పొంగుకూ పొంగుకూ మధ్య కునుకు కూడా తీశాను. మధ్యాహ్నానికి ఎంతగా అందులో మునిగిపోయానంటే, నర్సు వచ్చి చెయ్యి పట్టుకోగానే "పొంగొచ్చింది! ఆముదం పొయ్యుండ్రి!" అని అరిచాను. పాపం, నాకు మతి తప్పిందనుకుని ఆమె డాక్టరమ్మ కోసం పరుగెత్తింది.

డాక్టరమ్మ వచ్చి చూసి, సమయమైంది, ఇక ముక్కమంది. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. పాకం ముదిరాక కడాయి దించడం, కొట్టంలో అందరూ ఒక్క పట్టున చేసే పని. "గిప్పుడు దించాలె బిడ్డా, దించు!" అని ఆమె అరుస్తుంటే, ముల్లుకు ఏడ్చే నేను దించాను. నిజంగా నేనే! పిల్ల కేక విన్నప్పుడు కలిగినంత గర్వం నాకు జీవితంలో మళ్ళీ దేనికీ కలగలేదు. అత్తమ్మ వరండాలోకి పోయి, ఆడో మగో చెప్పకుండా "బెల్లం దిగింది!" అని కేక పెట్టింది. ఒక్కసారి కూడా అరవలేదని ఇంటికి వచ్చాక నేను గొప్ప చెప్పబోతే, "అరవలేదా? చక్కెర ఫ్యాక్టరీ కూత అనుకొని కూలోళ్ళు అన్నాలకు లేసిండ్రట" అంది. మా అమ్మాయి ఈ కథ వింటూనే పెరిగింది.

"పాలు గాదమ్మా, నన్ను లోపలికి రానియ్యి" అన్నాను నర్సుతో. సంచిలో ఆముదం సీసా ఉండనే ఉంది. మా అమ్మాయి నన్ను చూసి "అమ్మా, పొంగు" అంది. నడుము మీద అరచెయ్యి పెట్టి అదిమాను. ఒక దశలో, సూది ఇమ్మందామా అని నేనే బెదిరిపోయాను. ఆమె బెదరలేదు, ఊపిరి వదులుతూ తల అడ్డంగా ఊపింది. అన్నీ అయ్యాక నేను బయటికి వస్తే అల్లుడు చటుక్కున లేచి నిలబడ్డాడు. మనవడు పుట్టాడని చెప్పాలి కదా, నా నోట్లోంచి "బెల్లం దిగింది!" అని వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, పాపం, వెర్రిచూపులు చూశాడు.

మా చెరుకు పోయి వరి వచ్చింది, కొట్టం కూలింది, ఫ్యాక్టరీ కూత ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, అత్తమ్మ లేదు. కాలం అన్నీ పట్టుకుపోయింది గానీ, మా ఇంటి ఆడవాళ్ళ నోట్లోంచి ఆ ఒక్క మాటను లాక్కోవడం మాత్రం దానివల్ల కాలేదు.